విమానం వచ్చేదాకా ఆగాలా?

ఆకాశంలో మోత వినబడితే చాలు, పల్లెలో పని ఆగుతుంది. శెనక్కాయ చేలో కలుపు తీస్తున్న ఆడవాళ్లు నడుం మీద చెయ్యి పెట్టుకుని తల ఎత్తుతారు. చీనీ తోటకు నీళ్లు కడుతున్న రైతు పార నేలకానించి చూస్తాడు. పిల్లలు వీధిలోకి ఉరుకుతారు. పులివెందుల సీమలోని తుమ్మలపల్లెలో అయినా, నల్లమల అంచునున్న ఆత్మకూరు పల్లెల్లో అయినా ఇదే తీరు. యురేనియం గని వచ్చి తుమ్మలపల్లె పేరు దేశమంతా తెలిసింది గాని, కిందుగా పోయే విమానం మాత్రం అక్కడి వారికి నేటికీ వింతే. ప్రయాణికుల విమానమైతే ఒక చూపు చూసి మళ్లీ పనిలో పడతారు. సైనిక విమానమో, హెలికాప్టరో చెట్ల మీదుగా పోతే ఆ ముచ్చట రచ్చకట్ట మీద వారం దాకా నలుగుతుంది.

చూడడంలో తప్పు లేదు. అయితే ఆ విమానం ఎందుకు వచ్చింది, అది రావలసిన అవసరం ఎందుకు కలిగింది అన్న ఆలోచన కూడా ఉండాలి. ఆ ఆలోచన లేకపోతే చూసింది వేడుకగానే మిగిలిపోతుంది.

కోస్తా జిల్లాల పెద్దలకు సైనిక విమానం అంటే ఒక భయం. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. ఆ కథ అక్కడ తరతరాలుగా చెప్పుకుంటున్నారు. కర్నూలు, కడప జిల్లాల వారికి ఆ అనుభవం లేదు. ఇక్కడి జనం బాగా గుర్తుపెట్టుకున్న సైనిక విమానాలు చంపడానికి వచ్చినవి కావు. వెతకడానికి, అన్నం పెట్టడానికి, నీళ్లలోంచి మనుషుల్ని పైకి తీయడానికి వచ్చినవి. అంటే ఆ విమానం కనబడిన ప్రతిసారీ నేల మీద ఏదో ఒక ఆపద ఉన్నదన్న మాట.

2009 సెప్టెంబరు 2వ తేదీని ఈ జిల్లాల్లో మరచినవారు లేరు. నాటి ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి చిత్తూరు జిల్లాలో రచ్చబండ కార్యక్రమానికి ఉదయం 8.38 గంటలకు బేగంపేట నుంచి హెలికాప్టరులో బయలుదేరారు. గంట తిరగకముందే హెలికాప్టరుతో సంబంధాలు తెగిపోయాయి. నల్లమల మీద దట్టమైన మబ్బు, వాన. ఆ పగలు, ఆ రాత్రి అడవి చుట్టూ ఉన్న పల్లెలు నిద్రపోలేదు. పోలీసులు, అటవీ సిబ్బంది, చెంచులు, ఊళ్లవారు అడవిలోకి నడిచారు. వైమానిక దళం హెలికాప్టర్లను పంపింది. గంటకు 2 వేల కిలోమీటర్లకు పైగా వేగంతో పోగల సుఖోయ్-30 యుద్ధ విమానాన్ని కూడా గాలింపులో దించింది. యుద్ధ విమానం తమ కొండల మీద తిరుగుతుందని ఆ పల్లెవాసులు అంతకు ముందు కలలో కూడా అనుకుని ఉండరు.

తెల్లవారి సెప్టెంబరు 3న పావురాలగుట్ట మీద శకలాలు కనబడ్డాయి. వాటిని గుర్తించింది వైమానిక దళ హెలికాప్టరే. కమాండోలు తాళ్ల సాయంతో గుట్ట మీదికి దిగారు. ముఖ్యమంత్రితో సహా హెలికాప్టరులో ఉన్న ఐదుగురూ అప్పటికే లేరు. మరునాడు ఇడుపులపాయలో అంత్యక్రియలు జరిగాయి. ఆ వేంపల్లె, పులివెందుల ప్రాంతంలో నేటికీ హెలికాప్టరు మోత వింటే పెద్దవాళ్ల నోట ఆ రెండు రోజుల మాట వస్తుంది.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటున్నది. రాష్ట్రాన్ని ఏలే నాయకుడి కోసం దేశంలో ఉన్న సాధనాలన్నీ కదిలినా ఆచూకీ దొరకడానికి దాదాపు ఒక రోజు పట్టింది. మబ్బు, వాన, చీకటి, కొండ అడ్డం నిలిచాయి. ముఖ్యమంత్రి కోసం వెతికినప్పుడే అంతసేపు పట్టినప్పుడు, వంక దాటుతూ కొట్టుకుపోయే గొర్రెల కాపరి గతి ఏమిటి?

అది జరిగి నెల నిండకముందే కర్నూలు ఆకాశంలో మళ్లీ హెలికాప్టర్లు కనబడ్డాయి. 2009 అక్టోబరు 2, గాంధీ జయంతి నాడు తుంగభద్ర, హంద్రీ ఒక్కసారిగా పొంగి కర్నూలు నగరాన్ని ముంచాయి. జనం మేడల మీదికి, మిద్దెల మీదికి ఎక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. మంత్రాలయం నీట మునిగింది. శ్రీశైలం జలాశయానికి 25 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. 885 అడుగుల పూర్తి నీటిమట్టం దాటి నీరు 896 అడుగులకు చేరింది. అన్నం పొట్లాలు, నీళ్ల ప్యాకెట్లు హెలికాప్టర్ల నుంచి పడ్డాయి. ఏటా వాన కోసం మొగులు వైపు చూసే సీమ జనం ఆనాడు అన్నం కోసం పైకి చూడవలసి వచ్చింది. కరువు సీమకు వరద రాదన్న ధీమా ఆ రోజుతో పోయి ఉండవలసింది. పోలేదు.

పన్నెండేళ్ల తరువాత, 2021 నవంబరు 19న అదే పాఠం మళ్లీ ఎదురైంది. ఆ రోజు కార్తీక పౌర్ణమి. అప్పటి అనంతపురం జిల్లా చెన్నేకొత్తపల్లి మండలం వెల్దుర్తి వద్ద చిత్రావతి ఉధృతంగా పారుతున్నది. కారులో పోతున్న నలుగురు ప్రవాహంలో చిక్కారు. వారిని కాపాడదామని జేసీబీ యంత్రంతో వెళ్లిన ఆరుగురు కూడా నడి నీళ్లలో ఆగిపోయారు. పదిమందీ యంత్రం మీద నిలబడి ప్రాణాలు ఉగ్గబట్టుకున్నారు. వైమానిక దళం ఎం.ఐ.-17 హెలికాప్టరు వచ్చి ఆ పదిమందినీ ఒక్కొక్కరినే పైకి లాగి ఒడ్డుకు చేర్చింది. ఆ చిత్రావతే దిగువకు వచ్చి లింగాల మండలం పార్నపల్లె జలాశయంలో నిండి పులివెందుల ప్రాంతానికి నీరిస్తున్నది. అందుకే ఆ దృశ్యం ఇక్కడి వారికి పరాయి ఊరి సంగతి కాదు.

సరిగ్గా అదే రోజు తెల్లవారుతూనే అప్పటి కడప జిల్లా రాజంపేట ప్రాంతంలో చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగింది. ఎగువన పింఛా కట్ట కూడా తెగడంతో వచ్చిన వరద అది. మందపల్లె, పులపత్తూరు, తొగురుపేట పల్లెల మీద నీళ్లు విరుచుకుపడ్డాయి. దీపాలు వెలిగించుకునే పండుగ నాడు ఇళ్లు కొట్టుకుపోయాయి. పలువురు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ప్రాజెక్టు గేట్ల సంగతి పార్లమెంటు దాకా వెళ్లింది. అక్కడ వరద ముందు వచ్చింది. ఏ విమానమూ దానికంటే ముందు రాలేకపోయింది.

ఒకే రోజు, ఒకే వాన. ఒకచోట హెలికాప్టరు పదిమందిని కాపాడింది, ఇంకొకచోట దానికి వ్యవధే దొరకలేదు. చిత్రావతిలో యంత్రం నిలబడింది గనుక మనుషులు హెలికాప్టరు వచ్చేదాకా నిలబడగలిగారు. చెయ్యేటిలో కట్టే నిలవలేదు. కనుక హెలికాప్టరు ఎంత గొప్పదైనా అది చివరి సాయం. దానికంటే ముందు రావలసింది హెచ్చరిక. కట్ట బలం చూసుకోవడం, గేట్లకు నూనె పెట్టడం, వంకల మీద వంతెనలు వేయడం, నీళ్లు వదిలేముందు కింది ఊళ్లలో చాటింపు వేయించడం వంటివి చేయడానికి యుద్ధ విమానం అక్కరలేదు. మనసున్న అధికారి, మెలకువగా ఉన్న తలారి చాలు.

ఇక హెలిప్యాడ్ మాట. ఎవరైనా పెద్ద నాయకుడు వస్తున్నాడంటే ఒక్క రాత్రిలో పొలం చదునవుతుంది. రోలరు తిరుగుతుంది, నీళ్లు చల్లుతారు, సున్నంతో గుండ్రని గీత గీస్తారు, అగ్నిమాపక బండి వచ్చి నిలబడుతుంది. అది తప్పని ఎవరూ అనరు. కాని అదే ఊరు నీళ్లలో చిక్కితే హెలికాప్టరు ఎక్కడ దిగాలో సర్పంచికి తెలియదు, సచివాలయ ఉద్యోగికి తెలియదు. కరెంటు తీగలు ఎక్కడున్నాయో చెప్పేవారు ఉండరు. నాయకుడి రాకకు ఒక్క రాత్రిలో దొరికే స్థలం, జనం ప్రాణాల కోసం ఏడాది పొడుగునా ఎందుకు దొరకదు?

కోస్తాలో ఈ దిశగా కొంత పని జరిగింది. కొరిశపాడు వద్ద జాతీయ రహదారినే అత్యవసరంలో విమానాలు దిగేందుకు వీలుగా వేశారు. 2022 డిసెంబరు 29న అక్కడ సుఖోయ్, తేజస్ యుద్ధ విమానాలతో, ఏ.ఎన్.-32 రవాణా విమానంతో పరీక్ష జరిపారు. తుపానులు వచ్చినప్పుడు సహాయ సామగ్రి దించడానికి కూడా అది పనికివస్తుంది. సీమకు కడపలో, ఓర్వకల్లులో విమానాశ్రయాలున్నాయి. మంచిదే. కాని వరద వచ్చినప్పుడు ఓర్వకల్లు నుంచి వంక అవతలి పల్లెకు చేరేది హెలికాప్టరు ఒక్కటే. దానికి కావలసింది రన్‌వే కాదు, ఊరికి ఎత్తున ఉన్న ఒక చదునైన జాగా.

ఓర్వకల్లు ప్రస్తావన వచ్చింది గనుక మరొక మాట. కర్నూలు జిల్లాలో రక్షణ పరిశోధన సంస్థకు పరీక్షా క్షేత్రం ఉన్నది. 2025 ఏప్రిల్ 13న అక్కడ లేజరు కిరణంతో డ్రోనును కూల్చి చూపారు. జూలై 25న డ్రోను నుంచి క్షిపణిని ప్రయోగించారు. అంటే సీమ ఆకాశంలో ఇలాంటి దృశ్యాలు, శబ్దాలు ఇకముందు ఇంకా ఎక్కువగా ఉంటాయన్నమాట. శబ్దం కంటే వేగంగా విమానం పోయినప్పుడు కింద పిడుగు పడినట్టు మోత వినబడుతుంది. 2020 మే 20న బెంగుళూరు నగరమంతా అలాగే దద్దరిల్లితే అది వైమానిక దళ పరీక్షా విమానమని తరువాత తేలింది. మోత రాగానే యుద్ధమనో, భూకంపమనో, డ్యాము తెగిందనో పుకారు పుట్టించేవారు తమ ఊరికే చేటు చేస్తున్నారు. పది అబద్ధాలు విన్న జనం పదకొండవసారి వచ్చిన నిజమైన హెచ్చరికను నమ్మరు. అధికారులు కూడా మోత గురించి ఆ పూటే ఒక మాట చెబితే పుకారుకు చోటుండదు.

అధికారులు చేయవలసింది చాలా ఏమీ లేదు. వంకల పక్కన, జలాశయాల దిగువన ఉన్న ప్రతి పల్లెకు ఎత్తైన ఒక జాగాను గుర్తించి దాని మీద ఆక్రమణలు లేకుండా చూడాలి. ఆ జాగా వివరం తహసీల్దారు కచేరీలోను, గ్రామ సచివాలయంలోను గోడ మీద రాసి ఉంచాలి. వానాకాలానికి ముందు ఏడాదికి ఒకసారి ఊరి వారిని అక్కడికి నడిపించి చూపాలి. సెల్లుకు వచ్చే హెచ్చరికతో సరిపెట్టక చాటింపు వేయించాలి. కరెంటు పోయిన రాత్రి సెల్లు పలకదు, తప్పెట పలుకుతుంది.

ప్రజలు తెలుసుకోవలసినవీ కొన్ని ఉన్నాయి. ఆపదలో ఉంటే 112కు గాని, రాష్ట్ర విపత్తుల కేంద్రం 1070కి గాని ఫోను చేయాలి. హెలికాప్టరు కనబడగానే సాయం కావలసినవారు రెండు చేతులూ పైకి ఎత్తి నిలబడాలి. సాయం అక్కరలేకపోతే ఒక చెయ్యి పైకి, ఒక చెయ్యి కిందికి ఉంచాలి. సరదాకు చేతులు ఊపితే నిజంగా ఆపదలో ఉన్నవారి దగ్గరికి వెళ్లడం ఆలస్యమవుతుంది. ఎం.ఐ.-17 రెక్కల చక్రం అడ్డంగా 70 అడుగుల దాకా ఉంటుంది. అది దిగేచోట వామి గడ్డి, రేకులు, పట్టలు, ఆరేసిన బట్టలు ఉంటే గాలికి లేచి ప్రాణం మీదికి తెస్తాయి. పశువులను దూరంగా కట్టాలి. గాలి ఎటు వీస్తున్నదో తెలిసేలా కట్టెకు గుడ్డ కట్టి పెట్టాలి. తోక వైపు ఎవరూ పోరాదు. సిబ్బంది పిలిచిన తరువాతే, ముందు వైపు నుంచి, వంగి నడవాలి. పైనుంచి తాడు దించితే దాని కొక్కెం నేలను గాని, నీటిని గాని తాకిన తరువాతే పట్టుకోవాలి. లేకుంటే షాకు కొట్టవచ్చు. ఈ నాలుగు మాటలు బడిలో ఒక పూట చెబితే పిల్లలే ఇంటికి తీసుకుపోతారు.

విమానం చూసి సంతోషించడం పల్లె స్వభావం. అది పోనక్కరలేదు. పావురాలగుట్ట మీద తిరిగిన విమానాలు, కర్నూలు మిద్దెల మీద పొట్లాలు జారవిడిచిన హెలికాప్టర్లు, చిత్రావతి నుంచి పదిమందిని లాగిన తాడు ఈ జిల్లాల వారి గుండెల్లో ఉండిపోతాయి. ఆ విమానాలు నడిపినవారికి సీమ రుణపడి ఉన్నది. ఆ రుణం తీరే దారి ఒక్కటే. వారు మళ్లీ అలా రావలసిన అవసరం లేకుండా ఊళ్లను ముందే సిద్ధం చేసుకోవాలి. తప్పనిసరై వస్తే, దిగడానికి జాగా చూపాలి. వాన మబ్బు కొండ దాటకముందే ఈ పని మొదలుకావాలి.