పొగలు కక్కే పానీయం పార్టీకి పనికొస్తుందా?

కొండాపూర్ నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరం ఇది.

"డాక్టరు గారూ, మా అబ్బాయి మాదాపూర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేస్తున్నాడు. కోకాపేటలో కొత్త ఫ్లాటు కొనుక్కున్నాడు. వచ్చే నెల గృహప్రవేశం. పొద్దున వ్రతం, భోజనాలు. సాయంత్రం ఆఫీసు స్నేహితులు పాతికమంది వస్తారట. వాళ్ల కోసం పళ్లరసాలు, ఆకులు కలిపిన పానీయం చేసి, అందులో డ్రై ఐస్ వేసి పొగలు రప్పిస్తాడట. ఫోనులో వీడియో చూసి 2 కిలోలకు ఆర్డరు కూడా ఇచ్చాడు. ఇంట్లో 6 ఏళ్ల మనవడు ఉన్నాడు. 74 ఏళ్ల మా మామగారు ఉన్నారు. ఆయన బి.పి.కి, కొలెస్టరాల్‌కు మాత్రలు వాడుతున్నారు. ప్రమాదమేమో అంటే మావాడు 'అమ్మా, నీకన్నీ భయాలే' అని నవ్వేస్తున్నాడు. మీరు రాస్తే చదువుతాడని ఆశ."

అమ్మా, మీ భయం భయం కాదు, సరైన అనుమానం. కొత్త ఇంటికి వచ్చిన వాళ్లను సంతోషపెట్టాలన్న మీ అబ్బాయి సరదాను నేను తప్పు పట్టను. నానక్‌రామ్‌గూడ నుంచి మాదాపూర్ దాకా ఉన్న హోటళ్లలో పొగలు కక్కే గ్లాసులు చూసిన కుర్రవాళ్లకు ఇంట్లో కూడా చెయ్యాలనిపించడం సహజం. అయితే ఆ పొగ ఏమిటో తెలుసుకుంటే ఆర్డరు అతనే రద్దు చేసుకుంటాడు.

పొగ ఎక్కడిది?

డ్రై ఐస్ అంటే నీటితో చేసిన మంచు కాదు. మనం బయటికి వదిలే బొగ్గుపులుసు వాయువును, అంటే కార్బన్ డయాక్సైడును, గడ్డకట్టించగా వచ్చిన ముక్క. దాని చల్లదనం సున్నాకు దిగువన 78 డిగ్రీల సెంటిగ్రేడు. మన ఇంటి ఫ్రీజరు సున్నాకు దిగువన 18 డిగ్రీలు మాత్రమే. డ్రై ఐస్ కరిగి నీరు కాదు, నేరుగా వాయువుగా మారిపోతుంది. ఆ చలికి గాలిలోని తేమ పొగమంచులా కనిపిస్తుంది. పెద్ద హోటళ్లలో వాడే ద్రవ నైట్రోజన్ ఇంకా చల్లన. సున్నాకు దిగువన 196 డిగ్రీలు.

ఇలాంటి ముక్క నాలుకకు తగిలితే చర్మం అతుక్కుని, నిప్పు తగిలినట్టే బొబ్బలెక్కుతుంది. మింగితే అసలు చిక్కు కడుపులో మొదలవుతుంది. 10 గ్రాముల ముక్క, అంటే చిన్న ఉసిరికాయంత, 5 లీటర్లకు పైగా వాయువు అవుతుంది. మన జీర్ణాశయం పట్టేది సుమారు లీటరు, లీటరున్నర. మిగిలిన వాయువు ఎక్కడికి పోవాలి? పొట్ట ఉబ్బి, గోడ చిట్లవచ్చు.

"మేము మింగం కదా, పొగ తగ్గాకే తాగుతాం" అంటారు. డ్రై ఐస్ నీటిలో తేలదు, అడుగుకు చేరుతుంది. చుట్టూ ఉన్న నీరు గడ్డకట్టి, చూడడానికి మామూలు ఐసు ముక్కలాగే ఉంటుంది. మాటల్లో పడి గ్లాసు ఎత్తి చివరి గుక్క తాగేవాడికి ఏది ఏదో తెలియదు. 6 ఏళ్ల పిల్లవాడికి అసలే తెలియదు.

జరిగిన సంగతులు

ఇవి ఊహించి చెప్పే మాటలు కావు. 2012లో ఇంగ్లండులోని లాంకాస్టర్‌లో ఒక అమ్మాయి తన 18వ పుట్టినరోజున ద్రవ నైట్రోజన్ పోసిన పానీయం తాగింది. ప్రాణం నిలపడానికి డాక్టర్లు ఆమె జీర్ణాశయం మొత్తం తీసివేయవలసి వచ్చింది. 2024 మార్చిలో గురుగ్రామ్‌లో భోజనానంతరం నోరు శుభ్రపడడానికని ఇచ్చినది డ్రై ఐస్ అని తెలియక నోట్లో వేసుకున్న ఐదుగురు రక్తం కక్కుకుని ఆస్పత్రి పాలయ్యారు. అదే ఏడు బెంగుళూరులో ఒక పెళ్లి విందులో పొగ కిళ్లీ తిన్న 12 ఏళ్ల పాపకు జీర్ణాశయంలో రంధ్రం పడి ఆపరేషను చేశారు. ఆ ఏడాదే తమిళనాడు, కర్ణాటక అధికారులు ద్రవ నైట్రోజన్ పొగతో తినుబండారాలు అందించడంపై ఆంక్షలు పెట్టారు.

గాలి సంగతి కూడా చూడండి

మీ అబ్బాయి ఇంజనీరు కనుక ఈ లెక్క అతనికి నచ్చుతుంది. 2 కిలోల డ్రై ఐస్ సుమారు 1,000 లీటర్ల వాయువు అవుతుంది. 12 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు ఉన్న గదిలో పట్టే గాలి సుమారు 40,000 లీటర్లు. ఏ.సి. వేసి తలుపులన్నీ మూస్తే గదిలో కార్బన్ డయాక్సైడు రెండున్నర శాతానికి చేరగలదు. మామూలు గాలిలో ఉండేది 0.04 శాతం. అంటే అరవై రెట్లు! తలనొప్పి, ఆయాసం, కళ్లు తిరగడం మొదలవుతాయి. పైగా ఈ వాయువు గాలికన్నా బరువు. ముందు నేల దగ్గర చేరుతుంది. నేలమీద ఆడుకునే పిల్లలకే ముందు దెబ్బ. కారులో అద్దాలు మూసుకుని డ్రై ఐస్ తేవడం, బిగుతు మూత ఉన్న సీసాలో దాన్ని దాచడం కూడా ప్రమాదమే. సీసా బాంబులా పేలుతుంది.

ఒకవేళ ఎవరైనా పొరపాటున మింగితే వాంతి చేయించకండి. నీళ్లు బలవంతంగా తాగించకండి. కడుపు నొప్పి వచ్చేదాకా ఆగకుండా 108కి ఫోను చేసి పెద్ద ఆస్పత్రికి తీసుకువెళ్లండి, ఏం మింగారో డాక్టరుకు స్పష్టంగా చెప్పండి. చర్మానికి తగిలితే రుద్దవద్దు. గోరువెచ్చని నీటిలో ఉంచి డాక్టరుకు చూపించండి.

మరి పార్టీకి ఏమి చెయ్యాలి?

పొగ లేకపోతే సరదా లేదనుకోకండి. మన పెరట్లో పూసే నీలి శంఖుపుష్పం ఉంది. కొన్ని ప్రాంతాల్లో దింటెన అంటారు. దాని రంగునీళ్లలో నిమ్మరసం పడగానే నీలం కాస్తా ఊదారంగుకు తిరుగుతుంది. ఇందులో మంత్రం లేదు. నేరేడుపండుకు రంగునిచ్చే జాతి పదార్థమే ఈ పువ్వులోనూ ఉంది. అది పులుపు తగిలితే రంగు మారుతుంది. అతిథుల కళ్లముందే, వాళ్ల చేతులతోనే ఈ తమాషా జరిపించవచ్చు.

12 గ్లాసులకు కొలతలు ఇవి. లీటరున్నర నీళ్లు తెర్లించి దించి, 35, 40 ఎండు శంఖుపుష్పాలు వేసి మూతపెట్టండి. 10 నిమిషాల తరువాత వడగట్టండి. అందులో మూడోవంతు ఐసు ట్రేలలో పోసి గడ్డకట్టించండి. మిగతాది ఫ్రిజ్‌లో పెట్టండి. విడిగా 300 మిల్లీలీటర్ల నీటిలో రెండంగుళాల అల్లం దంచి వేసి, నాలుగు నిమ్మగడ్డి కాడలు, 100 గ్రాముల పంచదార వేసి 5 నిమిషాలు మరిగించి, చల్లార్చి వడగట్టండి. బెల్లం వద్దు, రంగు మురికిగా వస్తుంది.

గ్లాసులను గంటసేపు ఫ్రీజరులో ఉంచి తీస్తే పైన మంచు పేరుకుని అందంగా ఉంటాయి. ఒక్కొక్క గ్లాసులో అడుగున రెండు చెంచాల దానిమ్మ గింజలు, నాలుగు చిన్న పుచ్చకాయ ముక్కలు, పైన 25 మిల్లీలీటర్ల అల్లం పాకం, తరువాత నీలి ఐసు ముక్కలు, చివర నీలి నీళ్లు నెమ్మదిగా పొయ్యండి. రెండు పుదీనా ఆకులు, ఒక తులసి ఆకు అరచేతుల మధ్య ఒక్కసారి చరిచి పైన వెయ్యండి, వాసన గుప్పుమంటుంది. నిమ్మరసం మాత్రం కలపకండి. చిన్న గిన్నెలో చెంచాడు రసం గ్లాసు పక్కన పెట్టండి. అతిథే పోసుకోవాలి. పిల్లలు కేరింతలు కొట్టకపోతే నాకు ఉత్తరం రాయండి.

కొన్ని జాగ్రత్తలు

పూరేకులే వాడండి. శంఖుపుష్పం గింజలు, వేళ్లు విరేచనాలు చేయిస్తాయి. పూజకు అమ్మే పూలు కొనకండి, వాటిమీద పురుగుమందు చల్లి ఉండవచ్చు. టీ కోసం అమ్మే ఎండుపూలు గానీ, మీ కుండీలో పూసినవి గానీ మంచివి. గ్లాసుల అలంకారానికి గన్నేరు పువ్వు, గన్నేరు పుల్ల దగ్గరికి రానివ్వకండి. పచ్చగన్నేరు కూడా అంతే, గుండెను పట్టే విషం. కేరళలో ఒక యువతి మరణానికి ఈ పువ్వు కారణమన్న అనుమానం వచ్చి, 2024 మేలో తిరువాన్కూరు దేవస్వం బోర్డు నైవేద్యంలో, ప్రసాదంలో దాన్ని మానిపించింది.

బయటి ఐసు కొనకండి. ఏ నీటితో చేశారో తెలియని ఐసు కామెర్లు, టైఫాయిడ్ తెచ్చిపెట్టవచ్చు. పుదీనా, తులసి ఆకులను ధారగా పడే నీటిలో విడివిడిగా కడగండి. సబ్జా గింజలు వేస్తే కనీసం 15 నిమిషాలు నానబెట్టాకే వెయ్యండి. అయిదేళ్లలోపు పిల్లలకు ద్రాక్షపండు గుండుగా ఇవ్వవద్దు, నిలువునా నాలుగు ముక్కలు చేసి ఇవ్వండి. గొంతుకు అడ్డం పడేది అదే.

మీ మామగారి మాట

ఇది ముఖ్యం. ఈమధ్య పెద్ద దుకాణాలలో గ్రేప్‌ఫ్రూట్ అనే పులుపు చేదు పండు దొరుకుతోంది. మన పంపరపనసకు దగ్గరి బంధువు. కెనడాలో డేవిడ్ బెయిలీ అనే శాస్త్రజ్ఞుడు ఒక బి.పి. మందుపై మద్యం ప్రభావం పరీక్షిస్తూ, మద్యం రుచి తెలియకుండా ఈ పండు రసం కలిపాడు. చూస్తే రక్తంలో మందు మోతాదు అనుకున్నదానికి ఎన్నోరెట్లు పెరిగిపోయింది. దోషం పండు రసానిదని 1989లో ప్రకటించారు. పేగులలో మందును విరిచే పనిని ఈ రసం అడ్డుకుంటుంది. కొన్ని కొలెస్టరాల్ మాత్రలకు, ముఖ్యంగా సిమ్వాస్టాటిన్, అటోర్వాస్టాటిన్‌లకు, కొన్ని బి.పి. మాత్రలకు ఇది వర్తిస్తుంది. కనుక మీ మామగారికి గ్రేప్‌ఫ్రూట్, పంపరపనస ఇవ్వకండి. నిమ్మ, బత్తాయి మామూలుగా వాడుకోవచ్చు.

వచ్చినవారిలో మధుమేహం ఉన్నవారుంటే పాకం లేకుండా, పండ్ల ముక్కలతో ఇవ్వండి. పెద్ద గ్లాసు ద్రాక్షరసంలో సుమారు 30 గ్రాముల చక్కెర ఉంటుంది. పండు తింటే కలిగే మేలు రసం తాగితే కలగదు. మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి కొబ్బరినీళ్లు కలిపిన పానీయం వద్దు, అందులో పొటాషియం ఎక్కువ.

మద్యం సంగతి

మీరు అడగలేదు గానీ, కుర్రవాళ్లు అడుగుతారని తెలుసు. తియ్యటి పళ్లరసంలో కలిపిన మద్యం ఘాటు తెలియదు. ఎంత తాగామో లెక్క ఉండదు. అందుకే నా సలహా, ఈ పానీయంలో కలపవద్దు. పిల్లలు తాగే పాత్రా, పెద్దలు తాగే పాత్రా ఒకే రంగులో ఉండకూడదు. నిద్రమాత్రలు, ఇన్సులిన్, మెట్రోనిడజోల్ వాడేవారికి మద్యం అసలు పడదు. వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు మించితే బండి నడపడం నేరం. మొదటిసారే 10 వేల రూపాయల జరిమానా గానీ, 6 నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు. పోలీసులకన్నా ముందు అవుటర్ రింగురోడ్డు మీది వేగాన్ని తలచుకోండి. ఆ రాత్రి తాగినవారు బండి తాళాలు మీ చేతికిచ్చి క్యాబులో వెళ్లాలి.

అమ్మా, ఈ పేజీ మీ అబ్బాయి బల్లమీద పెట్టండి. కోప్పడకండి. గృహప్రవేశానికి ముందు ఒక సాయంత్రం అతన్నీ, మనవడినీ కూర్చోబెట్టి రెండు గ్లాసులు చేసి చూపించండి. నిమ్మరసం మనవడి చేతే పోయించండి. మీ మామగారికి పాకం తగ్గించి ఒక గ్లాసు ఇవ్వండి. డ్రై ఐస్ ఆర్డరు రద్దు చేశాడో లేదో మాత్రం నాకు ఒక కార్డు ముక్క రాయండి.