విత్తనపు వ్యాజ్యము – రైతు యోపిక

చేను మొలవనిచో రైతు మొదట వానను నిందించును. పిదప తన కర్మమును నిందించుకొనును. విత్తనమమ్మిన వానిని ప్రశ్నించుట కడపటి మాట. న్యాయస్థానమున కెక్కుట యంతకంటెను కడపటి మాట. ఇట్లేల జరుగుచున్నదో మన సభ్యులెల్లరు విచారింపవలసి యున్నది.

నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నందలి రైతులు కొందఱు నాసి విత్తనముచే పంట చెడి, జాతీయ విత్తన సంస్థపై వినియోగదారుల వేదికలలో ఫిర్యాదులు చేసిరి. క్రింది వేదికలు పరిహార మిప్పించినను సంస్థ యొప్పుకొనక మెట్టు తరువాత మెట్టెక్కి, తుదకు సుప్రీముకోర్టునకు పోయినది. 2012వ సంవత్సరము జనవరిలో గాని యా వ్యాజ్యము తేలలేదు.

సంస్థ చేసిన వాదములు వినదగినవి. రైతు పంట నమ్ముకొనును గావున వినియోగదారుడు కాడట! 1966వ సంవత్సరపు విత్తనముల చట్ట ముండగా వినియోగదారుల వేదికలకు అధికారము లేదట! విత్తనమును పరీక్షాలయమునకు పంపి దోషమును ఋజువు చేయలేదట! న్యాయమూర్తులీ వాదముల నన్నింటిని త్రోసివేసిరి. రైతు బ్రతుకుదెరువునకై విత్తనము కొనును. కొన్నదంతయు పొలమున జల్లును. పరీక్షకై దాచియుంచునని తలపరాదు. కావలసినచో సంస్థయే తన యొద్దనున్న విత్తనమును పరీక్షింపజేయ గోరవచ్చునని తీర్పు చెప్పిరి.

రైతే గెలిచెను గదా, ఇక నిందింప నేల యని కొందఱందురు. తీర్పు న్యాయమైనదే. కాని తీర్పునకు ముందు గడచిన కాలము న్యాయమైనది కాదు. సంస్థకు వ్యాజ్యము లెక్కపుస్తకములో నొక ఖర్చుపద్దు. రైతునకు ప్రతి వాయిదాయు నొక దినపు పని, దారి ఖర్చు, వకీలు ఫీజు. అదునుకు పెట్టుబడి లేక తెచ్చిన యప్పు వాయిదాలకై యాగదు. చట్టము దృష్టిలో నిరువురును సమానులే. ఓపిక పట్టగల శక్తిలో మాత్రము సమానులు కారు. ఈ తారతమ్యమును న్యాయస్థానము గమనింపనిచో ఆలస్యమే సంస్థ పక్షమున తీర్పగుచున్నది.

2019వ సంవత్సరపు వినియోగదారుల రక్షణ చట్టము 2020 జూలైలో నమలునకు వచ్చినది. తాను నివసించు జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చును. చెల్లించిన వెల 5 లక్షల రూపాయలు మించనిచో రుసుము లేదు. జిల్లా కమీషను తీర్పుపై అప్పీలు చేయు సంస్థ ముందుగా సగము సొమ్ము కట్టవలెను. ఇవి మేలైన యేర్పాటులే. అయితే ఫిర్యాదును 3 మాసములలో, పరీక్ష యవసరమైనచో 5 మాసములలో తేల్చుటకు "యత్నింపవలె"నని మాత్రమే చట్టము చెప్పుచున్నది. కమీషనులలో స్థానములు ఖాళీగా నున్నచో యత్నించువారెవరు? ఈ ఖాళీలను గూర్చి 2021లో సుప్రీముకోర్టు స్వయముగా విచారణ చేపట్టవలసి వచ్చెను. గడువును ఖచ్చితము చేయవలెననియు, ఖాళీలను వెంటనే నింపవలెననియు మా యభిప్రాయము.

అంతవఱకు మనము చేతులు ముడుచుకొని యుండరాదు. విత్తనము కొనినపుడు బిల్లు తప్పక తీసికొనుడు. సంచిని, దాని చీటిని భద్రపఱచుడు. గుప్పెడు విత్తనము దాచుడు. చట్టము దీనిని తప్పనిసరి చేయకున్నను, మీ చేతిలో సాక్ష్యముండుట మేలు. మొలక రానపుడు చేను దున్నివేయక పూర్వమే వ్యవసాయాధికారికి వ్రాతమూలముగా దెలిపి, చేను చూపి, నివేదిక గైకొనుడు. ఫిర్యాదునకు గడువు 2 సంవత్సరములని మఱవకుడు.

అన్నిటికంటె ముఖ్యమైన దొకటి గలదు. ఒకే విత్తనముచే పలువురు నష్టపడినపుడు కమీషను అనుమతితో ఒకరిద్దఱు అందఱి పక్షమున ఫిర్యాదు చేయవచ్చును. ఒక్కడు మోయలేని వాయిదాల బరువును నలువది మంది పంచుకొనిన తేలికయగును. అప్పునకై సంఘముగా గూడిన మనము న్యాయమునకై కూడలేమా? మీ గ్రామ సంఘము రాబోవు సమావేశమున నీ విషయము చర్చింప గోరుచున్నాము.