తీగను మరచిన శాసనము

పాపువా న్యూగినీలోని ఓరో రాష్ట్రపు టడవులయందు వసించు అలెగ్జాండ్రా రాణి సీతాకోకచిలుక లోకమునందలి సీతాకోకచిలుకలలోనెల్ల పెద్దది. ఆడుదాని రెక్కల విరివి 25 సెంటీమీటర్లకు మించియు నుండును. 1906లో ఆల్బర్టు మీక్ అనునతడు దానిని తుపాకితో కాల్చి పడగొట్టెననిన, అదెంత యెత్తున నెగురునో చదువరులే యూహింపవచ్చును.

దీని గొంగళిపురుగు లొక్క యడవితీగను దక్క మరేమియు తినవు. ఆ తీగ మన ఈశ్వరివేరునకు చుట్టము; పెద్దచెట్లను పట్టుకొని పైకి ప్రాకును. 1951లో లామింగ్టన్ అగ్నిపర్వతము బ్రద్దలై యా యడవిలో పెద్దభాగమును కాల్చివేసెను. మిగిలిన దానిలో కొంత పామాయిలు తోటలకై నరకబడినది.

1987 నుండి దేశదేశములకు దీని వర్తకము నిషిద్ధము. మంచిదే. కాని చిలుకను పట్టినవానికి శిక్షయు, తీగతోకూడ నడవిని నరికి తోట వేసినవానికి రొక్కమునా? నేల గ్రామస్థులది, బిడ్డల పోషణకై వారు తోట వేసిన మనము నిందింపరాదు. ఆ దేశముననే దీని దాయాదులైన యితర జాతులను పెంచి యమ్ముకొనువారు, వానికి మేతయగు తీగను తామే నాటి కాపాడుచున్నారు. ఈ రాణి విషయమునను మితముగ నట్టి యనుమతి నొసగుట మేలని నా యభిప్రాయము. దొంగవర్తకము హెచ్చునని కొంద రాక్షేపింతురు. అది యిప్పుడును లేకపోలేదు. నిషేధము దాని నాపలేదు, గొడ్డలిని మొదలే యాపలేదు.