ఆరు గంటల లోపల



మన ఇళ్ళలో పైకి మాట్లాడుకొనని ఒక సంగతిని ఈ నెల వ్రాస్తున్నాము. అది మగపిల్లవానికి బీజములో ఉన్నట్టుండి పుట్టే నొప్పిని గూర్చినది. సిగ్గుపడి దాచుకుంటే ఒక్క పూటలోనే ఆ అవయవము పోయే ప్రమాదమున్నది గనుక, కుటుంబ పత్రికలో దీనిని వ్రాయుటకు మేము వెనుదీయడము లేదు.

బీజము, అనగా వృషణము, ఒక సన్నని త్రాడువంటి దానికి వ్రేలాడుతూ ఉంటుంది. దానికి రక్తము అందేది ఆ త్రాటిలోనుండే. కొందరికి పుట్టుకతోనే బీజము సరిగా అతుక్కొని ఉండక, గుడిగంటలోని నాలుకవలె ఊగుతుంది. అటువంటివారికి అది తిరిగిపోయి త్రాడు మెలిపడవచ్చును. చేనికి నీరు పెట్టే రబ్బరు గొట్టము మెలిపడితే నీరు ఆగినట్లే, ఇక్కడ రక్తము ఆగిపోతుంది. ఇది 12 మొదలు 18 ఏండ్ల ప్రాయములో ఎక్కువ; అప్పుడే పుట్టిన బిడ్డలకు కూడ రావచ్చును. దెబ్బ తగలనక్కరలేదు. నిద్రలో ఉండగానే నొప్పి లేపవచ్చును.

ఒకవైపు హఠాత్తుగా తీవ్రమైన నొప్పి, వాంతులు, వాపు, ఆ వైపు బీజము పైకి లాగినట్లుండుట దీని గుర్తులు. కొందరు పిల్లలు సిగ్గుచేత "కడుపు నొప్పి" అని మాత్రమే చెప్తారు. పెద్దలు వరిబీజమనో, గజ్జలలో బిళ్ళ కట్టిందనో అనుకొని తెల్లవారేవరకు చూద్దామంటారు. ఆ తెల్లవారడమే ఆలస్యమవుతుంది. సుమారు 6 గంటల లోపల మెలి విప్పితే నూటికి 90 మందికి బీజము దక్కుతుంది. 12 గంటలు దాటితే సగము మందికే. 24 గంటలు గడిస్తే దక్కేది బహు కొద్దిమందికి.

"దీనికి మందు లేదా?" అని మీరు అడుగవచ్చు. ఇక్కడ ఒక వింత సంగతి ఉన్నది. మెలి విప్పిన తరువాత రక్తము తిరిగి వచ్చినప్పుడు కూడ కొంత హాని కలుగుతుంది. ఎండి నెర్రెలిచ్చిన మడిలోనికి ఒక్కసారిగా నీరు వదిలితే గట్టు కోసుకుపోయినట్లు, ఆ రక్తముతో వచ్చిన ప్రాణవాయువే హానికరమైన పదార్థములుగా మారి, నలిగియున్న కణములను దెబ్బతీస్తుంది. ఈ హానిని తగ్గించుటకు విటమిన్ ఇ, మెలటోనిన్, ఎన్ అసిటైల్ సిస్టీన్, సిల్డెనాఫిల్ వంటి అనేక మందులను శాస్త్రజ్ఞులు ఎలుకలలో పరీక్షించారు. వాటిలో చాలావరకు కొంత మేలు కనబడింది. అయితే పిల్లలకు ఆసుపత్రులలో వాడదగినదిగా స్థిరపడిన మందు వీటిలో ఒక్కటియు లేదు. మరియొక మాట గమనించండి: ఆ ఎలుకలకు సహితము మెలిని చేతితో విప్పవలసి వచ్చింది. మందు తోడు రాగలదేమో గాని, ముడి విప్పలేదు.

కాబట్టి మందుల దుకాణములో నొప్పి బిళ్ళ కొని, వేసి పడుకోబెట్టవద్దు. కాపడము పెట్టవద్దు, నూనె రాసి మర్దన చేయవద్దు. మత్తు ఇవ్వవలసి రావచ్చు గనుక తినుటకు, త్రాగుటకు ఏమియు ఇవ్వక, ఆపరేషన్ చేయగల ఆసుపత్రికి వెంటనే తీసుకొనిపోండి. అర్ధరాత్రి అయితే 108కి ఫోను చేయండి. ప్రార్థన బండిలో కూర్చుండి కూడ చేయవచ్చును. డాక్టరు మెలి విప్పి, మరల తిరుగకుండ రెండు వైపులా కుట్లు వేస్తారు. నొప్పి వచ్చి తనంతట తాను తగ్గిపోయినా చూపించవలసినదే. అది మరల రావచ్చును. ఒకవేళ ఒకటి పోయినను, రెండవది ఆరోగ్యముగా ఉంటే సాధారణముగా సంతానమునకు ఆటంకముండదు. ఆ పిల్లవానిని తక్కువగా చూడవద్దు.

తండ్రులారా, ఈ మాట మీ కుమారులతో ఈ వారమే చెప్పండి. "అక్కడ నొప్పి వస్తే ఏ వేళయైనా నన్ను లేపు, నేను కోప్పడను" అనండి. హాస్టలులో చదివే పిల్లవానికైతే వార్డెనును లేపుమని చెప్పండి. తండ్రి లేని ఇంట తల్లియో, మేనమామయో చెప్పవలెను. ఆ ఒక్క మాట వానికి ముందుగా తెలిసియుంటే, ఆ రాత్రి గంటలు వృథా కావు.