విశ్వవిద్యాలయము - దాతృసత్కారము

పరీక్షలో నెగ్గిన విద్యార్థి కిచ్చు పట్టము అతని పాండిత్యమును దెలుపును. పరీక్ష లేక యిచ్చు గౌరవ బిరుదము ఇచ్చిన విద్యాపీఠముయొక్క వివేకమును దెలుపును. దాతలను, ప్రజాసేవకులను స్నాతకోత్సవ వేదికపై సత్కరించునపుడు విశ్వవిద్యాలయము తాను ఎవరిని పెద్దలుగా నెంచుచున్నదో యువజనులకు జాటుచున్నది. కావున ఈ సత్కారములను వట్టి మర్యాదగా భావించుట పొరపాటని మా యభిప్రాయము.

1926లో నెలకొన్న ఆంధ్ర విశ్వకళాపరిషత్తు చరిత్రయే ఈ విషయమున మనకు పాఠము. జయపుర మహారాజు విక్రమదేవవర్మగారు ఏటేట లక్ష రూపాయల విరాళ మొసగి ఆ పరిషత్తున శాస్త్రవిద్యకు దన్నుగా నిలిచిరి. వాల్తేరునందలి శాస్త్ర కళాశాల వారి పేరున వెలసెను. 1936లో జయపురము ఒడిస్సా రాష్ట్రమున జేరెను. ఆ దానఫలమును మాత్రము తెనుగుబిడ్డలు తరతరములుగ ననుభవించిరి. అమృతాంజనముచే నార్జించిన ధనమును గ్రంథప్రచురణకును, గ్రంథాలయములకును ధారపోసిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారిని అదే పరిషత్తు 1935లో కళాప్రపూర్ణ బిరుదముతో సత్కరించెను.

వీరు సంపన్నులు. మఱి గిడుగు రామమూర్తి పంతులుగారో? పర్లాకిమిడిలో ఉపాధ్యాయులు. కొండలలోని సవరబిడ్డలకు వారి మాటలోనే చదువు చెప్పవలెనని తలచి, ఆ భాషను స్వయముగా నేర్చి, వాచకములు వ్రాసి, స్వంత వ్యయముతో బడులు పెట్టించిరి. భాషావివాదమున వారితో నేకీభవింపని పండితులనేకులుండిరి. అయినను 1938లో పరిషత్తు వారికిని కళాప్రపూర్ణ నొసగెను. రాజమహేంద్రవరమున, అస్పృశ్యులని లోకము దూరముంచిన బాలుర కొఱకు పాఠశాల నడపిన చిలకమర్తి లక్ష్మీనరసింహముగారికి 1943లో అదే గౌరవము లభించెను. సాహిత్యకృషికే యా బిరుదములు వచ్చెననువారుందురు. కావచ్చును. కాని ఆ పండితులకు పాండిత్యమును సేవయు వేఱు గాకుండెను.

లక్షల నిచ్చిన రాజును, జీతపురాళ్ల నిచ్చిన బడిపంతులును ఒకే వేదికపై నిలువగలిగినంతకాలము బిరుదమునకు విలువ యుండును. ధనము ముందు, సత్కారము వెనుక నను నేర్పాటు జరిగిననాడు బిరుదము రసీదుగా మారును. అంతకుపూర్వము నిజముగా నర్హులై దానిని పొందిన మహనీయుల పేరునకును అది మచ్చ తెచ్చును.

విద్యాలయములకు ధనము కావలదా యని ప్రశ్నింతురు. కావలెను. ప్రయోగశాలలు, వసతిగృహములు మాటలతో లేవవు. దాతపట్ల కృతజ్ఞత ధర్మమే. భవనమునకు వారి పేరు పెట్టుడు. వారి పేర పేద విద్యార్థులకు వేతనముల నేర్పఱుపుడు. గౌరవ బిరుదమును మాత్రము చందాతో ముడిపెట్టకుడు.

మఱియొక మాట. ధనవంతుని పేరును పాలకులకు దెలుపువారు పలువురుందురు. సేవకుని పేరు చెప్పువారుండరు. రాత్రిబడిలో కూలివారికి అక్షరములు దిద్దించు పట్టభద్రుడు, మన్యమున వైద్యము చేయు పూర్వవిద్యార్థిని, తన ఉపకారవేతనమును తమ్మునివంటి సహపాఠితో పంచుకొనిన విద్యార్థి - వీరెవ్వరును దరఖాస్తులు పెట్టుకొనరు. విశ్వవిద్యాలయమే వెదకి పోవలెను. ఎందులకు సత్కరించుచున్నదో ఆ పనిని ప్రశంసాపత్రమున స్పష్టముగా వ్రాసి సభలో జదువవలెను. అది విన్న విద్యార్థులలో ఒక్కడైనను "ఈ పని నేనును చేయగలను" అని లేచిన, ఆ స్నాతకోత్సవము సార్థకమైనట్లే.

మన విద్యాపీఠముల పెద్దలు రాబోవు సత్కారములకు పేర్లు వ్రాయునపుడు, గిడుగువారి సవరబడులను ఒక్కసారి స్మరింతురుగాక యని మా ప్రార్థన.