మంచులో చిఫాన్ చీర!

మంచుకొండల్లో డ్యూయెట్ మొదలైతే చాలు, హాల్లో ఈలలే ఈలలు! హీరోగారికి ఉన్ని కోటు, మెడకి మఫ్లరు, చేతులకి గ్లవ్సు. హీరోయిన్‌కి మాత్రం పల్చటి చిఫాన్ చీర, చేతుల్లేని జాకెట్టు. పైగా పెదాలమీద చిరునవ్వు! డైరెక్టర్ ‘కట్’ అనగానే శాలువా పట్టుకుని పరుగెత్తుకొచ్చే అసిస్టెంటు మనకి తెరమీద కనిపించడు. చిక్కంతా అక్కడే వచ్చింది.

ఆ శాలువా ఆలస్యమైతే ఏమవుతుందో లిలియన్ గిష్‌కి తెలుసు. 1920 లో గ్రిఫిత్ తీసిన మూకీ చిత్రం ‘వే డౌన్ ఈస్ట్’లో ఆమే నాయిక. గడ్డకట్టిన నది పగిలి, మంచుపలక మీద స్పృహ తప్పిన నాయిక కొట్టుకుపోతూ ఉంటుంది. సెట్టింగు కాదండీ! వెర్మాంట్‌లో నిజం నదిలో తీశారు. చెయ్యీ, జుట్టూ నీళ్ళలో వేలాడితే సీను పండుతుందని సలహా ఇచ్చింది కూడా ఆమే. సీను పండింది. టేకుల మీద టేకులు! ఆ వేళ్ళలో నరాలు దెబ్బతిని, మళ్ళీ పూర్తిగా బాగుపడలేదు. అన్నట్టు, నూనె గడ్డకట్టకుండా కెమెరా కింద చిన్న మంట పెట్టారు. కెమెరాకున్న భాగ్యం ఆ చేతికి లేకపోయింది!

‘అమెరికా సంగతి మాకెందుకు గురూ’ అంటారా? అయితే లంబసింగి వెళదాం. 1974 లో కృష్ణ ‘అల్లూరి సీతారామరాజు’ షూటింగ్ జరిగిన చింతపల్లి ప్రాంతమే. సుమారు వెయ్యి మీటర్ల ఎత్తు. డిసెంబరు, జనవరి వచ్చిందంటే మన కుర్రకారు అర్ధరాత్రి మోటార్ సైకిళ్ళెక్కి, తెల్లారేసరికి మంచు చూడాలని బయల్దేరతారు. ఒంటిమీద ఏముంటుంది? ఫోటోలో బాగా పడే చొక్కా!

బండి వేగానికి ఎదురుగాలి తోడైతే ఒంట్లో వేడి ఎంతసేపుంటుంది చెప్పండి? ముందు వేళ్ళు కొయ్యబారతాయి. ఘాట్ రోడ్డు మలుపులో, పొగమంచులో, బ్రేకు నొక్కాల్సింది ఆ వేళ్ళే! కాబట్టి గ్లవ్సు, చెవులకి మఫ్లరు, తడిస్తే మార్చుకోవడానికి పొడిబట్టలు దగ్గరుంచుకోండి. కోటు లేదా? ఈ పత్రికే మడిచి చొక్కా లోపల గుండెలకి అడ్డం పెట్టుకోండి. గాలి ఆగుతుంది. మాకేమీ అభ్యంతరం లేదు.

‘రెండు పెగ్గులేస్తే చలి పరార్’ అనే డైలాగు ఏ మహానుభావుడు రాశాడో గాని, అది శుద్ధ అబద్ధం. మందు పడగానే నెత్తురు చర్మం దగ్గరికొచ్చి వెచ్చగా అనిపిస్తుంది. లోపలి వేడి మాత్రం బయటికి పోతూ ఉంటుంది.

అన్నిటికన్నా నాకు భయం బొగ్గుల కుంపటంటే. చలికి తట్టుకోలేక గదిలోనో, గుడారంలోనో కుంపటి పెట్టి తలుపులు బిగించి పడుకుంటారు. పొగ రావడంలేదుగా అని ధైర్యం! బొగ్గుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగులేదు, వాసనలేదు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది. తలనొప్పి, కళ్ళు తిరగడం మొదలైతే అందర్నీ లేపి వెంటనే బయటపడండి. మంట ఆరుబయటే ఉండాలి సుమా!

కాశ్మీరో, మనాలీయో వెళ్ళేవారికి ఇంకోమాట. వేళ్ళు పాలిపోయి స్పర్శ పోతే మంచుతో రుద్దకండి, మంట దగ్గర పెట్టకండి. కాలినా తెలియదు! గోరువెచ్చటి నీళ్ళలో ఉంచి, డాక్టర్ దగ్గరికి పరుగెత్తండి. వణుకుతున్న స్నేహితుడు మాట తడబడుతూ, తూలుతూ ఉంటే ‘యాక్షన్’ చేస్తున్నాడని నవ్వకండి. తడిబట్టలు విప్పి, దుప్పట్లు చుట్టి, వైద్యం చేయించండి. మత్తుగా పడి ఉండి వణుకు ఆగిపోయిందంటే తగ్గిందని కాదు, ముదిరిందని!

ఫోటో కోసం స్వెట్టరు విప్పితే విప్పండి, కుర్రతనం కదా! కాని పక్కన శాలువా పట్టుకుని ఓ మిత్రుణ్ణి నిలబెట్టండి. ‘కట్’ చెప్పే పని కూడా వాడికే!