బడి ఇడిసి లెక్కలకు పోయినానంట

"ప్రత్యేక పిల్లల టీచరువి. సేవ ఇడిసి కంప్యూటర్ లెక్కలకు పోతావా?" ఆదోనిలో మాస్టర్లు అడిగినారు, ఎమ్మిగనూరులో మన సంఘపోళ్లూ అడిగినారు.

సేవ! ఆ మాటకు కులముంది సారూ. బుద్ధిమాంద్యమున్న పిల్లోడు లాగులో దొడ్డికి పోతే స్టాఫ్‌రూమంతా ముక్కు మూసుకొని నా తట్టు చూసేది. "నీకు అలవాటేగదా" అన్నాడొకాయన, నవ్వుతా. నాకు డిప్లొమా ఉంది, ఆర్‌సీఐ నంబరుంది. మాట రాని పిల్లోని నోట్లో మాట రాబట్టే చదువు చదివినా. వాళ్లకు అది కనపడలే, మా అమ్మ చేతిలో చీపురు కనపడింది. పిల్లోన్ని కడగడం నాకు నామోషీ కాదు. అది మాదిగదాని పనే అనుకోవడం మీదనే నా కొట్లాట.

2021 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు చెప్పింది: చిన్నబడిలో 10 మందికి, పెద్ద తరగతుల్లో 15 మందికి ఒక ప్రత్యేక టీచరుండాలని. నేను మాత్రం కాంట్రాక్టు కాగితం మీద ఊర్లూర్లు తిరిగినా. 2016 చట్టంతో వైకల్యాలు 7 నుంచి 21 అయినాయి. పిల్లలకేమొచ్చిందో గానీ నాకు కాలమ్‌లు పెరిగినాయి. పని గుమాస్తాది, పేరు టీచరుది. ఇంక నేను కొత్తగా లెక్కలకు పోయేదేముంది?

ఒక్కో పిల్లకు ఒక్కో ప్రణాళిక రాసి, ఈ వారం ఎన్ని మాటలు పలికింది, ఎన్నిసార్లు చెయ్యి పట్టి చూపించాల్సొచ్చింది అని గుర్తులు పెట్టుకునేదాన్ని. దాన్నే కంపెనీలోళ్లు డేటా అనలిటిక్స్ అంటారు. రాత్రిళ్లు ఫోన్లో ఎక్సెల్, ఎస్క్యూఎల్ నేర్చుకున్నా.

మా నాయన ఆదోని జిన్నింగ్ మిల్లులో దూది మోసినాడు. ఎన్ని బేళ్లు మోసినాడో సేటు పుస్తకంలో ఉండేది. ఆ పుస్తకం చదవడం మా నాయనకు రాదు.

1932లో లోథియన్ కమిటీ ముందర అంటరానోళ్ల సంఖ్య తగ్గించి చూపబోతే, ఆ కమిటీలో సభ్యుడైన అంబేద్కర్ అంకెల మీదనే పోట్లాడినాడు. మన వర్గీకరణను 2004లో కొట్టేసినారు. 2024 ఆగస్టు 1న రాష్ట్రాలు చేసుకోవచ్చన్నారు, గానీ లెక్క చూపియ్యాలన్నారు. ఆ లెక్క ఎవరు గడతారు? మళ్లా వాళ్లేనా?

2011 జనగణనలో దేశం మొత్తానికి వికలాంగులు 2.21 శాతం, ఎస్సీల్లో 2.45. ఎందుకెక్కువో మా గేరి బాలింతలనడగండి. ఇప్పుడు దివ్యాంగులంటున్నారు, మనల్ని హరిజనులన్నట్టే. పేరులో దేవుణ్ణి పెడతారు, చేతిలో ఏమీ పెట్టరు.

కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు నుంచి పంటల కాలం అయిపోతానే జనం సుగ్గికని గుంటూరు మిరప చేన్లకు పోతారు. చెవిటి పిల్లనూ ఎత్తుకోనే పోతారు, ఊర్లో ఎవరు చూస్తారు? నేను రాసిన రిజిస్టర్లో ఆ పిల్ల "గైర్హాజరు". కులం ఒక కాలమ్‌లో, వైకల్యం ఒక కాలమ్‌లో, వలసకు కాలమే లేదు. ఈ మూడింటినీ కలిపి చూసినోడు నాకు ఒక్కడూ కనపడలేదు.

అవును, పగలంతా ఎవరో అమ్మిన సబ్బుల లెక్క చేస్తాన్నా. రిజర్వేషన్ లేని కంపెనీలోనే. నన్నడిగే నోటితో, ఇన్నేండ్లు పర్మినెంటు పోస్టు ఎందుకియ్యలేదని పైవాళ్లను ఒక్కనాడన్నా అడిగినారా?

రాత్రిపూట ఆ వలస పిల్లల పట్టిక నేనే గీస్తాన్నా. సుగ్గి లారీలు కదలకముందే గేరి గేరికి పోయి పేర్లు రాసుకొచ్చేదానికి నలుగురు కావాల. మీ సంఘం నుంచి పంపిస్తారా?